నిలుపు దరువు

బుల్లియ్య చేతిలో డప్పు ఉంటే కాళ్ళు ఊరుకోవు. కాళ్ళు ఆగితే డప్పు పలకదు. అది వాళ్ళ నాన్న అంటించిన జబ్బు. లోకంలో ఎవరైనా కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని దరువు నేర్పుతారు. ఆ ముసలాయన మాత్రం కొడుకుని ముందు నడిపించి, తను వెనకాల నడుస్తూ, వాడి వీపు మీద వేళ్ళతో వాయించి నేర్పాడు. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. నూకాలమ్మ గుడి దగ్గర మొదలై, ఊరి వెనక బంజరు మీదుగా పాత రేవు దాకా వెళ్ళే దారిలోనే. ఎండైనా వానైనా ఆ దారే వాళ్ళ బడి.

ఏటా ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యనాడు అమ్మవారి గరగ స్నానానికి వెళ్ళేది ఆ దారినే. గరగంటే ఇత్తడి కుండ, దానికి కొత్త చీర చుట్టి, పూలూ వేపమండలూ కట్టి, ఏటా దాన్ని మోసే గంగరాజు తలకెత్తుకుంటాడు. ఇక దానికి చెయ్యి ఆనించకూడదు, కళ్ళు తెరవకూడదు. అమ్మ పూనిన మనిషికి డప్పే కళ్ళు. బుల్లియ్య ముందు వాయిస్తూ నడుస్తాడు, ఆ చప్పుడు పట్టుకుని గంగరాజు ఆడుతూ వెనక వస్తాడు. తిన్నగా ఉన్నచోట నడక దరువు. పాముపుట్టని చుట్టి వెళ్ళేచోట, తాడిచెట్టు దాటి దిగేచోట మలుపు దరువు. బంజరు నడిమధ్యలో ఒకచోట నిలుపు దరువు. అది పడగానే గరగ ఆగుతుంది, వెనకున్న ఊరంతా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగుతుంది. అక్కడ పుట్టా లేదు, చెట్టూ లేదు. ఎందుకాగాలో ముసలాయనకీ తెలీదు. "మా అయ్య ఆగాడు, నేనాగాను, నువ్వూ ఆగరా" అనేవాడు. అంతకు మించి అడిగితే వీపు మీద దరువు గట్టిగా పడేది.

భూస్వామి పల్లంరాజు గారికి తోట మీద మనసు పుట్టకపోతే బుల్లియ్య కూడా అలాగే వాయించి, అలాగే ఎవరి వీపు మీదో నేర్పి పోయేవాడు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి పాతికేళ్ళు దాటింది. కాలవల్లో గోదారి నీళ్ళతో పాటు రాజులకి కొత్త కోరికలు కూడా పారుతున్నాయి. ఆయన ఏదో పని మీద కాలవ దొర బంగళాకి వెళ్ళి, తినడానికి ఒక్క కాయైనా కాయని మొక్కల మధ్య ఎర్ర కంకర బాట వంకర్లు తిరుగుతూ పోవడం చూసి మతి పోగొట్టుకుని వచ్చారు. ఊరి వెనక బంజరు కొన్నారు. పుట్టలు చదును చేయించారు, తాడిచెట్టు కొట్టించారు, మేడ లేపారు, చుట్టూ కంచె వేసి ఇనప గేటు పెట్టారు. గరగ దారి మాటేంటని పెద్దకాపు వెంకన్న అడిగితే, కాలవ గట్టు మీదుగా చుట్టి వెళ్ళండి, ఏటా జాతర విందు నాది అన్నారు. విందనేసరికి ఊరు మెత్తబడింది. ఊళ్ళు అలాగే మెత్తబడతాయి.

తోట పనికి ఊరి బయట బుల్లియ్య వాళ్ళ పేట జనమంతా కూలికి వెళ్ళారు. బుల్లియ్య డప్పు పట్టుకుని వెళ్ళాడు. కాలవలు తవ్విన రోజుల నుంచి ఉన్న పద్ధతే అది. డప్పు దెబ్బకి పారలన్నీ ఒక్కసారి లేవాలి, మళ్ళీ దెబ్బకి ఒక్కసారి దిగాలి. అలా తవ్వితే నడుం నొప్పి తెలీదంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ పార పట్టినవాళ్ళు కారనుకోండి.

బాట గీయడానికి ధవళేశ్వరం నుంచి ఆశీర్వాదం అనే తోటమాలిని తెప్పించారు. అతను మేకులూ తాళ్ళూ ఉన్న మూట విప్పాడో లేదో చలిజ్వరం తగులుకుని గొంగళి కప్పుకు పడుకున్నాడు. ఇంతలో కంకర పడవలు రేవులోకి వచ్చాయి. దింపుకోకపోతే వెనక్కి పోతామని పడవవాళ్ళు ఒకటే కేకలు. పల్లంరాజు గారికి ఓపిక ఎప్పుడూ తక్కువే.

"ఒరేయ్ బుల్లియ్యా, నువ్వు గేటు కాడ నుంచి రేవు దాకా వాయించుకుంటూ నడు. వీళ్ళు నీ అడుగుల వెనకే కంకర పోసుకుంటూ వస్తారు. తిన్నగా నడిచేవు సుమా, వంకర్లుండాలి. తెలిసిందా?"

"ఆయ్, అలాగేనండి."

ఏ వంకర్లు తిరగాలో బుల్లియ్య ఆలోచించలేదు. డప్పు మోగింది, కాళ్ళు కదిలాయి, అంతే. చదునైన నేల మీద లేని పుట్టని చుట్టి, లేని తాడిచెట్టు దాటి నడుస్తూ పోయాడు. వెనక తట్టల కొద్దీ కంకర పడుతోంది. నడిమధ్యకి వచ్చేసరికి చేతులు వాటంతటవే నిలుపు దరువు వేశాయి. వెనక అలికిడి ఆగిపోయింది. తిరిగి చూస్తే కూలిజనం తట్టలు నెత్తిన పెట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి ఉన్నారు. అతని పెళ్ళాం పాపాయి కళ్ళు మూసుకుని ఉంది. ఓ ముసలమ్మ తట్ట దించి చేతులు జోడించింది. తనేం చేశాడో అప్పుడు తెలిసింది బుల్లియ్యకి.

"ఏంట్రా, ఆగారేంటి?" మేడ మీద నుంచి రాజుగారి కేక.

బుల్లియ్య డప్పు పుల్లతో నేల చూపించాడు. "ఇక్కడ... ఇక్కడ గుండ్రంగా మడి కట్టి పూలేస్తే బాగుంటదండి" అన్నాడు.

రాజుగారు మేడ మీద నుంచి వంగి, గేటు దాకా వెనక్కి చూశారు. బాట ఒకసారి ఎడమకి ఒరిగి, ఒకసారి కుడికి మళ్ళి, ఎవరో తీరుబడిగా నడిచి వచ్చినట్టుంది. "భేష్" అన్నారు. "దొర బంగళాలో కూడా ఇంత సొంపుగా లేదురా. ఎక్కడ నేర్చావు ఈ విద్య?"

బుల్లియ్య నవ్వలేక నవ్వాడు. ఆ సాయంత్రం ఇళ్ళకి పోతూ పేట జనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరూ ఒట్టు వేయించుకోలేదు గానీ, ఆ సంగతి పేట దాటలేదు.

అలా మొదలైంది అతని తోట పని. జ్వరం తగ్గి మళ్ళీ వచ్చే సందుల్లో ఆశీర్వాదం అతనికి కొమ్మ కత్తిరించడం, అంటు కట్టడం, గోరింట కంచె చదునుగా కోయడం చూపించాడు. ఎంతకీ నయం కాక అతను ధవళేశ్వరం వెళ్ళిపోయాక తోటంతా బుల్లియ్య మీద పడింది. పడ్డదాన్ని అతను ప్రేమించాడు. దరువులో ఎక్కడ చెయ్యి ఆపాలో తెలిసినవాడికి రెండు మొక్కల మధ్య ఎంత చోటు వదలాలో ఇంకొకరు చెప్పాలా? పేటవాడు ఊళ్ళోకి వస్తే ఓరగా నడవాలి. ఈ కంచె లోపల మాత్రం నడుమ నిలబడి "ఇది ఇక్కడ, అది అక్కడ" అనొచ్చు. మేడ మెట్లు ఎక్కకూడదు, అంతే. గుండ్రటి మడిలో తను నాటిన దేవగన్నేరు మొదటిసారి పూసిన రోజు అతనికి పొద్దున్నించీ ఆకలే వెయ్యలేదు. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే పోతుందేమోనని భయం. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు "మా ఇంటిక్కూడా వాణ్ణి పంపండి" అని రాజుగారిని అడిగేవారు. సామర్లకోట వెళ్ళి ఒక తోట వేసి వచ్చాడు. పెళ్ళికీ చావుకీ డప్పు, మిగతా రోజుల్లో తోట. జనం తోట బుల్లియ్య అనడం మొదలుపెట్టారు.

పాపాయి ఒక్కతే పెదవి విరిచింది.

"పూలకి నీళ్ళోసే చేత్తో డప్పు పట్టుకుంటే తప్పులేదు మావా. కానీ అమ్మ నడిచే దారి తీసుకెళ్ళి రాజుగారి గేటు లోపల పెట్టావు. అదే నేను ఒప్పుకోను."

"నేనెట్టానా ఆ గేటు?"

"గేటు కాదులే, దారెట్టావుగా."

బుల్లియ్య కోపం తెచ్చుకుని, కంచంలో అన్నం వదిలేసి లేచిపోయాడు.

తోట పడ్డాక మొదటి కొత్త అమావాస్య వచ్చింది. గరగ కాలవ గట్టు ఎక్కింది. గట్టు ఎలా ఉంటుంది? తాడు పట్టినట్టు తిన్నగా ఉంటుంది, దొరలు తవ్వించిందాయె. ఆ గట్టుకి దరువు లేదు. బుల్లియ్య నడక దరువే వాయిస్తూ పోయాడు. పోగా పోగా, ఇక్కడ పుట్ట రావాలి అన్నచోట చెయ్యి మాట వినలేదు, మలుపు దరువు పడింది. కళ్ళు మూసుకున్న గంగరాజు దరువుని నమ్మి తిరిగాడు. అక్కడ మలుపు లేదు, వాలు ఉంది. కాలు జారింది. తల మీద గరగ ఒరిగి, వేపమండ ఒకటి ఊడి కాలవలో పడింది. పక్కనున్నవాళ్ళు పట్టుకోబట్టి గరగ దక్కింది. అందరూ బుల్లియ్య వంకే చూశారు.

ఆ వేసవిలో గత్తర, దొరలు కలరా అనేది, వచ్చింది. కాలవల వెంట పడవల్లో వచ్చి, పేటలో దిగి, ఊళ్ళోకి పాకింది. పొద్దున వాంతి అయిన మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. గంగరాజు తమ్ముడు పోయాడు. వెంకన్న కోడలు పోయింది. పేటలో సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్క ఊళ్ళలోనూ గత్తర వచ్చింది, వాళ్ళ గరగలేమీ ఒరగలేదు. కానీ అలాంటి తర్కం ఇంట్లో శవం లేవనివాళ్ళు మాట్లాడుకునేది. ఊరు మాత్రం కాలు జారిన చోటునీ, తప్పు పడిన దరువునీ తలుచుకుంది.

చివరికి బుల్లియ్య తండ్రి పడ్డాడు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద ఏదో వాయించబోయాడు. వేళ్ళు ఆడలేదు.

"గట్టు మీద ఆ దరువు పలకదురా" అన్నాడు. "మనం నేర్పేది కాదది, నేల చెప్పుద్ది. దారి పోతే దరువు పోద్ది. మనకున్నది అదొక్కటే."

"దారి ఎక్కడికీ పోలేదయ్యా. తోటలో ఉంది. నేనే ఏశాను" అని బుల్లియ్య చెవిలో చెప్పాడు. ముసలాయన విన్నాడో లేదో తెలీదు.

ఆ రోజు నుంచి బుల్లియ్యకి తోటలో ఉన్నంతసేపే ఊపిరాడేది. అక్కడ ఉన్నంతసేపు చావులు మర్చిపోయేవాడు. మర్చిపోయినందుకు ఇంటికొచ్చాక సిగ్గుతో కుంగిపోయేవాడు. పొద్దున్నే గేటు తియ్యగానే వెళ్ళి, చీపురుతో బాట ఊడ్చేవాడు. ఊడుస్తున్నట్టే ఉండేది గానీ పెదాలు దరువు గొణుగుతూ ఉండేవి.

మళ్ళీ కొత్త అమావాస్య దగ్గరపడింది. వెంకన్న అతన్ని పిలిపించాడు. కోడలు పోయిన దగ్గర్నుంచి ఆ మనిషి గొంతులో తడి లేదు.

"ఈ ఏడు గరగ పాత దారినే వెళ్ళాల. రాజుగారిని అడిగితే కుదరదన్నారు. నువ్వు ముందు నడువు, ఊరంతా నీ వెనక వస్తాం. నడవనంటావా, ఆ డప్పు ఇంకోడు పట్టుకుంటాడు. అమ్మ ముందు మళ్ళీ నువ్వు నిలబడవు."

తోటకి వెళ్తే రాజుగారు అదే మాట రెండో పక్క నుంచి అన్నారు.

"గేటుకి తాళం వేయిస్తున్నా. నువ్వు జనాన్ని గట్టు మీదకి నడిపించు. నా మొక్క ఒక్కటి తొక్కారో, నువ్వు మళ్ళీ ఈ తోటలో కాలు పెట్టకు."

చెప్పేద్దామనుకున్నాడు బుల్లియ్య. తమరు రోజూ పడవెక్కడానికి నడిచేది ఆ దారేనండి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? ఆయన బాట తవ్వించేస్తారు. అప్పుడు దరువు పోతుంది. చెప్పకపోతే తోటో డప్పో ఏదో ఒకటి పోతుంది. నీళ్ళు నమిలి "ఆయ్" అన్నాడు. అంతకుముందు వెంకన్న దగ్గరా ఆయ్ అనే వచ్చాడు. ఇద్దరికీ ఆయ్ అన్నవాడికి నిద్ర ఎలా పడుతుంది?

అమావాస్యనాడు గడ్డిమంట మీద డప్పు కాచుకుంటుంటే పాపాయి పక్కన కూర్చుంది.

"ఎటు నడుస్తావు మావా?"

"గట్టు మీదకే" అన్నాడు. "ఊరు ఊరంతా లోపలికి దూరితే ఒక్క మొక్క మిగలదే. నేను చూళ్ళేను."

మనుషులు పోయిన ఊళ్ళో మొక్కల కోసం ఏడవడం తప్పని అతనికి తెలుసు. తెలిసీ ఏడుపొచ్చింది. డప్పు పట్టడం ఇదే ఆఖరు అనుకుని, పుల్లలు కళ్ళకద్దుకుని లేచాడు.

పొద్దు కొంచెం వాలాక గరగ గుడి దగ్గర లేచింది. గేటు దగ్గరికి వచ్చేసరికి దారి చీలుతుంది, కుడి పక్కన గట్టు. గేటు వెనక రాజుగారి మనుషులు కర్రలతో నిలబడ్డారు. మేడ వసారాలో రాజుగారూ, తోట చూడ్డానికి కాకినాడ నుంచి వచ్చిన ఒక వకీలూ కూర్చుని ఉన్నారు. కిటికీ తెర వెనక రాజుగారి తల్లి మహాలక్ష్మమ్మ గారు.

బుల్లియ్య గట్టు వైపు తిరిగి అడుగులు వేశాడు. వెనక గజ్జెల చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే గంగరాజు గేటు ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసే ఉన్నాయి, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నిరుడు ఆ గట్టు మీద కాలు జారిన మనిషి. ఆ తర్వాత తమ్ముణ్ణి మోసిన మనిషి. డప్పు పిలుస్తున్నా అతని కాళ్ళు రాలేదు. జనం గేటు మీదకి తోసుకొచ్చారు. లోపల కర్రలు లేచాయి.

"నాయనా!" కిటికీలోంచి ముసలి గొంతు పలికింది. "అమ్మ వాకిట్లో నిలబడి ఉంటే తలుపేసుకుంటారా? గరగని ఒక్కదాన్నైనా రానివ్వు."

తల్లి మాట కాదనే ధైర్యం రాజుగారికి లేదు. వాకిట్లో నిలబడ్డ అమ్మవారిని పొమ్మనే ధైర్యం అసలే లేదు. "గరగ ఒక్కటే" అన్నారు. "ఇంకెవరూ రాకూడదు. డప్పు కూడా బయటే."

గేటు తెరిచారు. కళ్ళు మూసుకున్న మనిషి, ఎన్నడూ ఎరగని తోటలోకి, ఒంటరిగా ఎటు వెళ్తాడు? అందరూ బుల్లియ్య వైపు చూశారు. అతను గేటు బయట ఉన్నచోటే నిలబడి, కాళ్ళు మాత్రం నడుస్తున్నట్టే వేస్తూ, నడక దరువు ఎత్తుకున్నాడు. గంగరాజు లోపలికి నడిచాడు. మలుపు దరువు పడినచోట మలుపు ఉంది. రెండో మలుపు ఉండాల్సినచోట రెండో మలుపు ఉంది. గజ్జెల చప్పుడు తడబడలేదు. నిలుపు దరువు పడింది. గరగ దేవగన్నేరు మడి పక్కన ఆగింది. గేటు బయట ఊరంతా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. వెంకన్న నోరు తెరిచి బుల్లియ్యని చూశాడు. మళ్ళీ నడక దరువు, మళ్ళీ గజ్జెలు, రేవు మెట్ల దగ్గర నీళ్ళ చప్పుడు. దారి పొడుగునా గోరింట ఆకు ఒక్కటి రాలలేదు.

జనం గొంతెత్తి అమ్మని పిలిచారు. బుల్లియ్య వాయిస్తూనే భోరుమని ఏడ్చాడు. తోట దక్కింది, డప్పు దక్కింది, అయ్యకి చెవిలో చెప్పిన మాట అబద్ధం కాలేదు. అంత సంతోషం అతను పుట్టి ఎరగడు.

వసారాలో వకీలు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏవండీ రాజుగారూ, దొరల తోట అన్నారు! తీరా చూస్తే వాళ్ళ అమ్మవారికి దగ్గరుండి బాట వేయించారే. అయితే ఇన్నాళ్ళూ తమరు రోజూ జాతరకి వెళ్తున్నారన్నమాట."

రాజుగారు నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడింది.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. బుల్లియ్య వెళ్ళేసరికి పేట కూలీలంతా పారలు పట్టుకుని బాటకి అటూ ఇటూ నిలబడి ఉన్నారు. వాళ్ళలో పాపాయి ఉంది.

"నీకు ముందే తెలుసురా?" అని అడిగారు రాజుగారు.

"కాళ్ళకి తెలుసండి. నాకు తర్వాత తెలిసిందండి."

"తెలిశాక చెప్పలేదేం?"

"చెబితే తమరు తవ్వించేస్తారని భయమండి."

"ఇప్పుడు మాత్రం ఊరుకుంటాననుకున్నావా? నా ఇంట్లో నేను ఇంకొకళ్ళ దారిన నడవను. ఈ బాట తవ్వించేసి, తాడు పట్టి తిన్నగా వేయిస్తా." ఆయన గొంతు కొంచెం తగ్గించారు. "నిన్ను పొమ్మనను. నీ చెయ్యి మంచిది. డప్పు తీసుకుని వీళ్ళ చేత తవ్వించు, తోట నీదే."

పొమ్మన్నా ఇంత బాధ ఉండేది కాదు. బుల్లియ్య బాట వంక చూశాడు. నిన్నటి వేపాకులు కంకర మీద ఇంకా వాడలేదు. దేవగన్నేరు పూలు రాలి ఉన్నాయి, ఆ పూట ఎవరూ ఊడవలేదు. డప్పు తగిలించుకున్నాడు. పారలు లేచే దెబ్బ కొట్టాడు. పారలన్నీ ఒక్కసారి లేచాయి. ఇక దిగే దెబ్బ కొట్టాలి.

అతను నిలుపు దరువు వేశాడు.

పారలు దిగలేదు. ఎత్తిన పార ఎత్తినట్టే ఆగింది.

"ఏంట్రా ఇది? కొట్టు!"

మళ్ళీ కొట్టాడు, నిలుపు దరువే. ఆనాడు తట్ట దించి చేతులు జోడించిన ముసలమ్మకి భుజాలు వణుకుతున్నాయి, పార మాత్రం దించలేదు. పాపాయి కళ్ళార్పకుండా మొగుణ్ణే చూస్తోంది. వాళ్ళు కావాలని ఆగారో, చిన్నప్పటి నుంచి అలవాటైన ఒళ్ళే ఆగిందో వాళ్ళకే తెలియాలి. బుల్లియ్య సంగతి మాత్రం వేరు. కంకర పోసిన రోజు చేతులు వాటంతటవే వేశాయి. ఈసారి అతనే వేశాడు, తోట పోతుందని తెలిసి వేశాడు.

రాజుగారు మెట్లు దిగి వచ్చి, అతని చేతిలో పుల్లలు లాక్కుని గోరింటలోకి విసిరేశారు. "పో" అన్నారు.

రెండు రోజులకి పొరుగూరి కూలీలు వచ్చారు. వాళ్ళకి ఈ దరువు తెలీదు. డప్పు లేకుండానే తవ్వారు. పొద్దు వాలేసరికి గేటు నుంచి రేవు దాకా తాడు పట్టినట్టు తిన్నటి బాట పడింది. దేవగన్నేరు దానికి అడ్డం వచ్చిందని కొట్టేశారు. మహాలక్ష్మమ్మ గారు అన్నం ముట్టలేదని పనివాళ్ళు చెప్పుకున్నారు. బుల్లియ్య డప్పుని ఎవరూ లాక్కోలేదు, వెంకన్న కూడా దాన్ని ఇంకోడికి ఇవ్వలేదు. కానీ దారి లేని దరువుని ఎక్కడ వాయించుకుంటాడు? ఇంటి దగ్గర కూర్చుని వాయించబోతే మొదటి మలుపు దాకా వచ్చి చెయ్యి తెల్లబోయేది.

వానలు వెనకబట్టాక పెద్దాపురంలో ఒక షావుకారు తోట వేయమని పిలిపించాడు. మేకులూ తాళ్ళూ సిద్ధంగా పెట్టాడు. బుల్లియ్య వాటిని ముట్టుకోకుండా డప్పు తగిలించుకుని నడిచాడు. కొత్త తోట, కొత్త నేల, వేరే దారి నడవాలనే బయల్దేరాడు. కాళ్ళకి వేరే దారి తెలియదు. లేని పుట్టని చుట్టాడు, లేని తాడిచెట్టు దాటాడు, నడిమధ్యలో ఆగాడు. సామర్లకోటలో వేసింది కూడా ఇదే బాట అని అప్పుడు తట్టింది అతనికి.

మళ్ళీ కొత్త అమావాస్య ముందర, బుల్లియ్య అక్కడా అదే బాట వేశాడని విని గంగరాజు ఎండలో నడిచి పెద్దాపురం వచ్చాడు. ఈ ఏడూ గరగ గట్టు మీదే వెళ్ళాలి. గట్టు పొడుగునా నడక దరువే వాయించాలి, చెయ్యి మలుపుకి పోకుండా బిగబట్టాలి. అలా ఎన్నేళ్ళు బిగబడితే చేతికీ కాళ్ళకీ మలుపు మరుపుకొస్తుందో ఇద్దరికీ తెలుసు.

"ఇక్కడ నడవనిస్తారా బుల్లియ్యా?"

"రండి గంగరాజు గారండి. షావుకారు గారు భోజనం చేస్తున్నారు."

గంగరాజు తలగుడ్డ తీసి నడుముకి కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తల మీద ఏమీ లేదు. అయినా మెడ బిగించి, చేతులు దూరంగా పెట్టి, బుల్లియ్య వెనక కొత్త కంకర మీద అడుగు వేశాడు. గజ్జెలు కూడా లేవు, కంకర చప్పుడే. మొదటి మలుపు తిరిగారు, రెండో మలుపు తిరిగారు. నిలుపు దరువు దగ్గర ఇద్దరూ ఆగారు.

షావుకారు చెయ్యి తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు. "ఎవరోయ్ ఆ మనిషి? ఎండలో అలా నిలబడ్డాడేంటి?"

"బాట సరిగ్గా పడిందో లేదో చూస్తున్నారండి" అన్నాడు బుల్లియ్య.

"పడిందా మరి?"

గంగరాజు కళ్ళు తెరవలేదు. "పడిందండి" అన్నాడు. బుల్లియ్య నడక దరువు ఎత్తుకున్నాడు.